చేతికి తగలని ఇసుక

మా ప్రయోగశాలలో కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. "ఓడ ఎప్పుడు ఎక్కిస్తారు మేడమ్?"

ఉద్యోగం మొత్తంలో నేను ఓడ ఎక్కింది రెండే సార్లు. మొదటిసారి వాంతులతో పది రోజులు బక్కెట్టు పట్టుకుని పడుకున్నాను. రెండోసారి కాస్త పని చేశాను. మిగతా కాలమంతా సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, మేడ్చల్ రోడ్డు మీద, కుళాయి కింద బురద కడిగించి, మిగిలిన గుప్పెడు పొడిని సూక్ష్మదర్శిని కింద చూస్తూ గడిపాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఈ సంగతి ముందే తెలిస్తే మంచిది. సముద్రం మీద ప్రేమతో వచ్చినవాళ్లు రెండేళ్లలో వెళ్లిపోతారు. బురద మీద ఓపిక ఉన్నవాళ్లు మిగులుతారు.

రిటైరై షామీర్‌పేట దగ్గర కాలనీలో ఉంటున్నాను. మా కాలనీలో సగం మంది మాలాగే కోస్తా నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు. "మీరేం చేసేవారండీ?" అని అడిగితే "అంటార్కిటికా మంచు మీద పరిశోధన" అంటాను. వెంటనే, "అక్కడికి వెళ్లారా?" అంటారు. వెళ్లలేదు. మంచును నేను ఏనాడూ ముట్టుకోలేదు. అది వదిలిపెట్టి పోయిన ఇసుకను చూశాను, అంతే. ప్రమోషన్ల గురించి, కమిటీల గురించి ఇక్కడ రాయడం లేదు. ఎక్కువగా ఒక తప్పు గురించి రాస్తున్నాను. అది నాది.

బురద చెప్పే సంగతి

తీరానికి దూరంగా, లోతైన సముద్రం అడుగున బురద చాలా నెమ్మదిగా పేరుకుంటుంది. వెయ్యేళ్లకు రెండు మూడు సెంటీమీటర్లు పెరిగితే చాలాచోట్ల అదే ఎక్కువ. ఓడ మీద నుంచి బరువైన ఇనుప గొట్టాన్ని దించి, ఆ బురదలోకి గుచ్చి పైకి లాగితే, లోపల పొడవాటి బురద కడ్డీ వస్తుంది. దాన్ని కోర్ అంటాం. పైది కొత్త బురద, కిందికి పోయేకొద్దీ పాతది. కోర్‌ను నిలువునా రెండుగా చీల్చి ఒక సగాన్ని పనికి వాడుకుంటాం. రెండో సగాన్ని ముట్టుకోకుండా చలిగదిలో దాస్తాం.

పాతకాలపు మంచు సంగతి ఆ బురదలో రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి, ఇసుక రేణువంత చిన్న జీవుల సున్నపు గుల్లల్లో. ప్రాణవాయువులో తేలిక రకం, బరువు రకం ఉంటాయి. సముద్రపు నీరు ఆవిరైనప్పుడు తేలిక రకం ఎక్కువగా పైకి పోతుంది. అది మంచుగా కురిసి ధ్రువాల దగ్గరే ఆగిపోతే, సముద్రంలో బరువు రకం పాలు పెరుగుతుంది. ఆ నీటిలో పెరిగిన జీవి గుల్లలో ఆ తేడా నిలిచిపోతుంది. ఆ గుల్లను కొలిస్తే ఆనాడు భూమ్మీద మంచు పెరిగిందో తరిగిందో అంచనా దొరుకుతుంది.

రెండోది ఇసుక. నడిసముద్రంలో ఇసుకకు పనిలేదు. నదులు తెచ్చేది ఒడ్డు దగ్గరే దిగిపోతుంది. గాలి తెచ్చేది మెత్తటి దుమ్ము. అడుగు ప్రవాహాలు మోసుకురాని ఎత్తైన చోటు చూసి కోర్ తీస్తే, అందులో కనిపించే ఇసుక మంచుకొండలు తెచ్చినదే. అంటార్కిటికాను కప్పిన మంచు కింది రాతిని గీకుతూ సముద్రంలోకి జారుతుంది. ముక్కలై, మంచుకొండలుగా తేలుతూ ఉత్తరానికి వచ్చి, కరిగినచోట కడుపులోని ఇసుకను రాలుస్తుంది. ఒక పొరలో ఇసుక హఠాత్తుగా పెరిగితే, ఆ కాలంలో మంచు పెద్దఎత్తున విరిగిపడిందని అనుమానించవచ్చు.

అనుమానించవచ్చు అన్నాను. ఆ మాట వెనక ఒక మనిషి ఉన్నాడు.

నరసింహమూర్తి గారు

నా మొదటి అధికారి నరసింహమూర్తి గారు. చేరిన కొత్తలో ఆరు నెలలు నాతో కోర్‌ల వర్ణన మాత్రమే రాయించారు. రంగు, మెత్తదనం, వాసన, గీతలు, గుల్లలు. నేనొకసారి "మంచుకొండలు తెచ్చిన ఇసుక" అని రాస్తే ఎర్ర సిరాతో మొదటి రెండు మాటలూ కొట్టేశారు.

"ఇసుక కనిపించిందా అమ్మా?"

"కనిపించిందండీ."

"మంచుకొండ కనిపించిందా?"

"లేదండీ."

"అయితే కనిపించింది రాయి. మిగతాది తర్వాత ఆలోచిద్దాం."

అప్పుడు కోపం వచ్చింది. అంతకన్నా గొప్ప పాఠం మళ్లీ ఎవరూ చెప్పలేదని తర్వాత తెలిసింది.

అయితే ఆయనలో ఒక గుణం ఉండేది. నమూనాలు కడిగేవాళ్లను, కోర్‌లు మోసేవాళ్లను చర్చల గదిలోకి రానిచ్చేవారు కాదు. ఏదైనా అడగాలంటే గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగేవారు. దాన్ని నేను గుణమని కూడా అనుకోలేదు. ఆఫీసంటే అలాగే ఉంటుందనుకున్నాను. పెద్దల దగ్గర మంచిని కష్టపడి నేర్చుకుంటాం, చెడు చూస్తుండగానే అబ్బుతుంది.

ఖాజా భాయ్

ఖాజాది దేవరయాంజాల్. వ్యవసాయం చేసుకునే కుటుంబం. మా ప్రయోగశాలలో నమూనాలు కడిగే పనిలో చేరి, అదే పనిలో ముసలివాడయ్యాడు. నాకన్నా రెండేళ్లు పెద్ద. అందరం ఖాజా భాయ్ అనేవాళ్లం.

కడగడమంటే చిన్న పని కాదు. బురద ముక్కను నీళ్లలో నానబెట్టి, వెంట్రుక మందమంత కన్నాలున్న జల్లెడలో పోసి, సన్నటి ధార కింద వేళ్లతో మెల్లగా కదపాలి. గట్టిగా రుద్దితే గుల్లలు చితికిపోతాయి. తొందరపడితే బురద మిగిలిపోతుంది. నేను కడిగితే పది గుల్లల్లో మూడు విరిగేవి. ఖాజా భాయ్ చేతిలో ఒక్కటి విరిగేది కాదు. ఏళ్ల తరబడి ఆ చేతుల్ని నేను సరిగ్గా చూడనేలేదు.

రమ్య నా దగ్గర పరిశోధనకు చేరినప్పుడు ఆయన అక్కడ ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. రమ్యది రావల్కోల్. వాళ్ల నాన్న మొక్కజొన్న, కూరగాయలు పండిస్తాడు. వాళ్ల ఇంట్లో డాక్టరేటు దాకా వచ్చిన మొదటి మనిషి ఆమె. పొద్దున్నే బస్సు పట్టుకుని, కండ్లకోయ దగ్గర కాలేజీ బస్సుల వరసలో ఇరుక్కుని, పరుగెత్తుకుంటూ వచ్చేది. ఆమెకు దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి తెచ్చిన ఒక కోర్ ఇచ్చాను. నా రెండో ఓడ ప్రయాణంలో తీసిందే. ఒకానొక వెచ్చటి కాలంలో తూర్పు అంటార్కిటికా మంచు ఏమైందో చూడటం ఆమె పని.

ఆ ఎండాకాలం మా ఆరబెట్టే యంత్రం చెడిపోయింది. బాగుచేయించడానికి కాగితాలు తిరుగుతున్నాయి. ఈలోగా కడిగిన నమూనాల పళ్లేలను వెనక వరండాలో, పైన పలచటి కాగితం కప్పి ఆరబెట్టమన్నాను. అది నా ఆదేశమే. అదే రోజుల్లో పక్క గదులకు కొత్త గచ్చు వేస్తున్నారు. వరండా అవతల గ్రానైటు పలకలు కోసేవాళ్లు. ఈ చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా దొరికే రాయే అది, బూడిదరంగులో గులాబీ మచ్చలతో.

ఒక మధ్యాహ్నం ఖాజా భాయ్ పళ్లెం పట్టుకుని నా గది గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"మేడం, గీ పళ్లెంల ఇసుక కనిపిస్తాంది. కానీ కడిగేటప్పుడు చేతికి తగల్లే."

"సన్నగా ఉంటే తగలదేమో."

"ఎంత సన్నగున్నా తెలుస్తది మేడం. ఇసుక ఉంటే వేళ్ల కింద గరగర అంటది. గిది కడిగిననాడు మెత్తగ పెరుగు లెక్క ఉండె."

నేను ఏదో నివేదిక రాస్తున్నాను. తలెత్తి చూసి, "ఖాజా భాయ్, కడగడం మీ పని. చూడటం మా పని. అక్కడ పెట్టి వెళ్లండి" అన్నాను.

"అచ్ఛా" అని పెట్టి వెళ్లాడు.

అది పరుషంగా ఉందని కూడా నాకు అప్పుడు తోచలేదు.

పదకొండు పళ్లేలు

వారం తర్వాత రమ్య పిలిచింది. "మేడం, జర గిటు రండ్రి. గీ లేయర్ల మస్తు గ్రెయిన్స్ ఉన్నయ్."

కన్ను పెట్టి చూశాను. తెల్లటి గుండ్రటి గుల్లల మధ్య పదునైన అంచులున్న స్ఫటికాలు, గులాబీ రంగు రేణువులు. పై నమూనాల్లో ఇసుక అక్కడక్కడా నాలుగైదు రేణువులే. ఆ తర్వాత వరసగా పదకొండు నమూనాల్లో విపరీతంగా ఉంది. ఆ కింద మళ్లీ లేదు. మంచు తెచ్చిన ఇసుకకు అంచులు పదునుగానే ఉంటాయి. పైగా ఒకప్పుడు మన నేల, తూర్పు అంటార్కిటికా అతుక్కుని ఉండేవి. ఆ రాళ్లూ మన రాళ్లూ అన్నదమ్ముల బిడ్డలు. రేణువు రంగు చూసి ఎవరికీ ఏ అనుమానమూ రాదు.

మేం రాసిన కథ ఇది: ఆ వెచ్చటి కాలంలో తూర్పు అంటార్కిటికా మంచులో ఒక పెద్ద భాగం కుప్పకూలింది. మంచుకొండల దండు ఉత్తరానికి వచ్చి ఇక్కడ ఇసుక రాల్చింది. కదలదని అందరూ అనుకునే మంచు కదిలిందని దాని అర్థం. పేపరు మంచి పత్రికలో వచ్చింది. డైరెక్టర్ విఠల్ గారు అందరినీ పిలిచి టీ ఇప్పించారు. రమ్య వాళ్ల ఊళ్లో ఎవరో ఫ్లెక్సీ కట్టించారట. నరసింహమూర్తి గారు అప్పటికి లేరు. ఉంటే ఎన్ని మాటలు కొట్టేసేవారోనని ఆ రోజు నాకు గుర్తు రాలేదు.

కొన్ని నెలలకు వేరే దేశం నుంచి ఒక పరిశోధకురాలు ఉత్తరం రాసింది. మా కోర్‌కు దగ్గరలోనే తీసిన కోర్ ఆమె దగ్గరుంది. అదే కాలపు పొరలో ఆమెకు అంత ఇసుక కనిపించలేదు. "ఒకసారి మళ్లీ చూడగలరా?" అని మర్యాదగా అడిగింది. నేను మూడు పేజీల జవాబు రాశాను. మంచుకొండల దారులు మారతాయని, ప్రవాహాలు వేరని. మళ్లీ చూడలేదు.

తర్వాత గుల్లల కొలతలు వచ్చాయి. అంత మంచు సముద్రంలో కలిసి ఉంటే గుల్లల్లో తేలిక ప్రాణవాయువు పాలు పెరగాలి. ఆ పదకొండు నమూనాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. రమ్య ముఖం వాడిపోయింది. "ఇది ఆ చోటికే పరిమితమైన సంఘటన అయి ఉంటుంది" అన్నాను. నా మాటలో నాకే నమ్మకం లేదు, కానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది. పిల్లలు అధికారి గొంతునే నమ్ముతారు. అందుకే అధికారులు జాగ్రత్తగా ఉండాలి.

రమ్య మాత్రం నా గొంతుతో సరిపెట్టుకోలేదు. ఆమెను ఇంకో విషయం తొలుస్తోంది. సముద్రం అడుగున పురుగులు బురదను నిరంతరం కెలుకుతుంటాయి. ఏ పొర అయినా పైకీ కిందికీ కాస్త కలిసిపోతుంది. ఇసుక మెల్లగా పెరిగి మెల్లగా తగ్గాలి. మా ఇసుక కత్తితో కోసినట్టు మొదలై, కత్తితో కోసినట్టు ఆగిపోయింది. ఆమె కడిగే గదికి వెళ్లి, ఏ నమూనా ఏ రోజు కడిగారో రాసే పుస్తకం తిరగేసింది.

మర్నాడు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"మేడం, గా పదకొండు శాంపిళ్లు ఒకే వారంల కడిగిండ్రు. ఎనుక రాళ్లు కోసింది గూడ గదే వారంల."

పుస్తకం నా ముందు పెట్టి తేదీలు చూపించింది.

"ఖాజా భాయ్ మీకు గప్పుడే చెప్పిండంట గద."

"నాకు గుర్తులేదు" అన్నాను.

గుర్తుంది. పళ్లెం రంగుతో సహా గుర్తుంది. రమ్య పుస్తకం మూసి, "సరే మేడం" అని వెళ్లిపోయింది. ఉద్యోగంలో నేను చెప్పిన అబద్ధాలు లెక్కపెడితే ఇదే మొదటిదని చెప్పలేను. నా విద్యార్థి ముఖం మీద చెప్పింది మాత్రం ఇదొక్కటే.

తెలుసుకోవడం ఎలా జరిగింది

దాచిన రెండో సగాన్ని తెరిచాం. అవే లోతుల నుంచి, వాటి పైనా కిందా నుంచి కూడా మళ్లీ బురద ముక్కలు తీశాం. ఈసారి రమ్య వాటికి దొంగ నంబర్లు ఇచ్చి, వరస కలిపేసింది. ఏది ఏ లోతుదో ఖాజా భాయ్‌కి తెలియదు, నాకూ తెలియదు. ప్రతి విడతలో బురద లేని ఒక ఖాళీ పళ్లెం కూడా కడిగి ఆరబెట్టాం. బయటి దుమ్ము పడితే అందులో కనిపిస్తుందని. బాగుపడిన యంత్రంలోనే ఆరబెట్టాం.

కొత్తవాళ్లు ఈ ఒక్కటి గట్టిగా పట్టుకోండి. నమూనాలను లోతు వరసలో కడగకండి. వరసలో కడిగితే మీ గదిలో జరిగిన ప్రతి పొరపాటూ భూమి చరిత్రలాగా కనిపిస్తుంది. కలగాపులగంగా కడిగితే అది పొరపాటులాగే కనిపిస్తుంది. ఈ మాట పాఠ్యపుస్తకంలో ఉంది. నేను చదివాను, పరీక్షలో రాశాను, పనిలో మరిచిపోయాను.

ఖాజా భాయ్ కడుగుతుంటే మొదటిసారి పక్కన నిలబడి చూశాను. ఒక నమూనా దగ్గర ఆయన వేళ్లు ఆగాయి.

"గిందుల ఉంది మేడం. జరంతే."

"ఎలా తెలిసింది?"

"మీరు గూడ పెట్టి సూడుండ్రి."

వేలు పెట్టాను. నాకేమీ తెలియలేదు. ఆరిన తర్వాత సూక్ష్మదర్శిని కింద చూస్తే అందులో తొమ్మిది రేణువులున్నాయి.

మా పదకొండు నమూనాల్లో ఇసుక దాదాపు లేదు. కుప్పకూలిందని మేం రాసిన మంచు, మా పక్క గదుల గచ్చు దుమ్ము.

విఠల్ గారి సలహా

విఠల్ గారు చెడ్డవారు కాదు. ఆ సంవత్సరం మా బృందానికి ఓడ దక్కాలని ఆయనే ఢిల్లీ చుట్టూ తిరుగుతున్నారు. విషయం విని చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"పేపరు వాపసు తీసుకుంటే లాబ్ పేరు పోతుంది మేడమ్. తర్వాతి పేపర్లో ఒక వాక్యం రాయండి. పాత ఫలితాన్ని సవరిస్తున్నాం అని. తెలిసినవాళ్లకు తెలుస్తుంది."

నేను ఒప్పుకోలేదు, కాదనలేదు. మూడు వారాలు అలాగే గడిచాయి. ఆ మూడు వారాలూ రోజూ ఆఫీసుకు వెళ్లాను, టీ తాగాను, సంతకాలు పెట్టాను. పెద్ద తప్పులు చేసేటప్పుడు మనిషి చాలా మామూలుగా ఉంటాడని అప్పుడు తెలిసింది.

మూడో వారం చివర ఒక ఉత్తరం వచ్చింది. మంచు ఎంత వేగంగా కరగగలదో కంప్యూటర్‌లో లెక్కకట్టే బృందం ఒకటి, మా ఇసుక అంకెలు పంపమని అడిగింది. వాళ్ల లెక్కల మీద ఆధారపడి రేపు సముద్రమట్టం ఎంత పెరుగుతుందో అంచనాలు వేస్తారు. మా గచ్చు దుమ్ము అందులోకి వెళ్లబోతోంది.

ఆ మధ్యాహ్నం విఠల్ గారి దగ్గరికి వెళ్లి వాపసు తీసుకుంటున్నానని చెప్పాను. ఆయన "సరే. అయితే ఒక మాట రాయండి. సాంకేతిక సిబ్బంది పొరపాటు అని. అది అబద్ధం కూడా కాదు. ఆరబెట్టింది వాళ్లే కదా" అన్నారు.

అలాగే రాశాను. ఈ వాక్యం ఎవరికీ చెప్పకుండా ఉండవచ్చు, కానీ చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. "సిబ్బంది పొరపాటు" అని నా వేళ్లతో టైపు చేశాను. చదువుకుంటే బాగానే ఉంది. ఎవరి పేరూ లేదు. కడిగే సిబ్బంది మా దగ్గర ఒక్కరే ఉన్నారన్నది మాత్రం ఎవరు విచారించినా తెలుస్తుంది.

రమ్యకు చూపించాను. ఆమె పేరు కూడా ఆ ఉత్తరం మీద ఉంటుంది కాబట్టి చూపించక తప్పదు. ఆమె చదివి కాగితం బల్ల మీద పెట్టింది.

"నా మూడేండ్లు పోయినయ్ మేడం. దానికి నేను ఏడుస్త, మల్ల చేసుకుంట. కానీ గీ కాయితం మీద నేను సంతకం పెట్ట."

"ఎందుకు?"

"మీకు గుర్తులేకపోవచ్చు. నాకు తెలుసు గద."

ఆమె బయటికి వెళ్లాక ఆ వాక్యం కొట్టేశాను. దాని చోట ఇలా రాశాను: నమూనాలను బయట ఆరబెట్టమన్నది నేను. కడిగేటప్పుడు ఇసుక తగల్లేదని మా సాంకేతిక సహాయకుడు అప్పుడే నాతో చెప్పారు. నేను పట్టించుకోలేదు.

విఠల్ గారి ఆమోదం లేకుండానే పంపాను. ఆయన ఏడాది పాటు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆ ఓడ మాకు దక్కలేదు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. పత్రికలో మా పేపరు మీద అడ్డంగా వాపసు గుర్తు పడింది. ఇప్పటికీ అలాగే ఉంది. విదేశీ పరిశోధకురాలికి విడిగా క్షమాపణ రాశాను. రెండు వాక్యాలు సరిపోయాయి.

రావల్కోల్ నుంచి వచ్చినాయన

ఒకరోజు పొద్దున్నే రమ్య వాళ్ల నాన్న వచ్చాడు. ఆమెకు చెప్పకుండా వచ్చాడు. తలకు రుమాలు, చేతిలో సంచీ. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మేడం, మా బిడ్డ ఏమన్న దొంగతనం జేసిందా?"

"అయ్యో, అదేం మాటండీ?"

"ఊర్ల అంటుండ్రు. దాని పేపరు వాపస్ దీసుకున్నరంట. తప్పు జేస్తెనే గద వాపస్ దీసుకునేది. అది ఇంట్ల ఏం జెప్తలేదు. అన్నం సక్కగ తింటలేదు. అడిగితే, నీకు తెల్వదు నాయినా అంటాంది."

అప్పటిదాకా ఆ సంగతి కాగితం మీదే ఒప్పుకున్నాను, అదీ ఇంగ్లీషులో. మనిషి ముఖం చూస్తూ, తెలుగులో చెప్పాల్సి రావడం వేరు.

"మీ అమ్మాయి తప్పు చేయలేదు. తప్పు నాది. నేను చేయించిన పనిలో దుమ్ము పడింది. ఒకరు హెచ్చరించారు, నేను వినలేదు. ఆ తప్పును కనిపెట్టింది మీ అమ్మాయే."

ఆయన సంచీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"మరి దానికి డిగ్రీ వస్తదా?"

"వస్తుంది. రెండేళ్లు ఆలస్యమవుతుంది."

"గా రెండేండ్లు ఎవలిస్తరు మేడం?"

ఆయన కోపంగా అనలేదు. పంట పోయినవాడు వానను అడిగినట్టు అడిగాడు. సంచీలోంచి లేత కంకులు తీసి బల్ల మీద పెట్టి, "దానికి నేనొచ్చినట్టు చెప్పకుండ్రి" అని వెళ్లిపోయాడు.

ఆమె పరిశోధన గడువు పెంచడానికి, ఉపకారవేతనం ఆగకుండా చూడటానికి తిరగాల్సినచోటల్లా తిరిగాను. అది ఉపకారం కాదు. ఆయన అడిగిన దానిలో నేను తీర్చగలిగినంత తీర్చాను.

పేరు

రమ్య కోర్ మొత్తాన్ని దాచిన సగం నుంచి మళ్లీ చేసింది. కలగాపులగంగా, ఖాళీ పళ్లేలతో. రెండేళ్ల తర్వాత కనిపించింది ఇది: పాత పొర కన్నా చాలా పైన, పొడవైన కాలం పాటు, ప్రతి నమూనాలో కొన్నేసి రేణువులు. మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గాయి. గుల్లల కొలతలు కూడా అదే దిక్కు చూపాయి. మంచు కుప్పకూలలేదు. అంచుల నుంచి కొద్దికొద్దిగా, తరతరాలు పట్టేంత నెమ్మదిగా తగ్గింది. టీ పార్టీకి తగిన ఫలితం కాదు. విదేశీ పరిశోధకురాలి కోర్‌లో కూడా అదే చోట, అదే తీరులో ఉంది. ఈసారి ఆమే ముందు రాసింది.

పేపరు సిద్ధమయ్యాక రచయితల వరసలో ఖాజా భాయ్ పేరు కూడా పెట్టాలని రమ్య అంది. నేను ఒప్పుకున్నాను. ఆ మాట మొదట నా నోటి నుంచి రావాల్సింది. రాలేదు.

ఆయన్ను నా గదిలోకి పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాం. ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. రమ్య కాగితం మీద వేలు పెట్టి చూపించింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని తన పేరు చదువుకున్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"గిట్ల పేరు పెడితే ఏమైతది మేడం?"

"ఈ పని మీది కూడా అని అర్థం."

"మంచిగైతే సరే. మల్ల తప్పైతే?"

"తప్పైతే మనం ముగ్గురం జవాబు చెప్పాలి. మీరు కూడా."

ఆయన కాగితాన్ని బల్ల మీద పెట్టి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఆలోచించాడు. కడిగీ కడిగీ ఆ వేళ్ల కొనలు నునుపుదేలి ఉన్నాయి.

"గట్లయితే ఇప్పుడే పంపకుండ్రి" అన్నాడు.

"ఏమైంది ఖాజా భాయ్?" అంది రమ్య.

"మొన్న ఆఖరి పెట్టెల మూడు శాంపిళ్లు కడిగిననాడు నా పానం బాగలేకుండె. జరముండె. అప్పుడు నేనేం అనలే, ఎవలు అడగలే. పేరు నాదైతే నాకు దిల్ ఒప్పుకుంటలేదు. మల్లొకపారి కడుగుత."

రమ్య నా వైపు చూసింది. పత్రిక ఇచ్చిన గడువు ఆ శుక్రవారమే.

"కడగండి" అన్నాను.

పత్రికవాళ్లను ఇంకో నెల అడిగి, మూడు నమూనాలూ మళ్లీ తీసి ఇచ్చాం. ఆయన వాటిని మూడు రోజులు కడిగాడు. రెండింటిలో లెక్క మారలేదు. మూడోదానిలో ముందు నాలుగు రేణువులు లెక్కపెట్టాం, ఈసారి ఆరున్నాయి. పట్టికలో ఆ అంకెను దిద్ది, పేపరు పంపాం.